కొండ ఊటను గూడెం కుళాయికి దించుకోవడం ఎలా?

"మా గూడేనికి పైన ఊట ఉంది. కుళాయిలు పెట్టుకోవాలంటే పైపులకు ఎంత అవుతుంది?" పాడేరు, అనంతగిరి, దేవరాపల్లి కొండల నుంచి పనిమీద విశాఖపట్నం వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. పైపుల కొట్టు ముందు నిలబడి ఫోను చేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఇంకా కొనకండి. పైపు ఈ పనిలో ఆరో మెట్టు. మొదటి అయిదూ దాటకుండా కొన్న పైపులు చివరికి కంచెలకూ పందిళ్లకూ వాడుకోవడం నేను కళ్లారా చూశాను.

ఇక్కడ చెబుతున్నది కరెంటూ మోటారూ లేకుండా, ఊట ఎత్తు నుంచి నీరు తన బరువుతో తానే దిగివచ్చే పద్ధతి. ఊట మీ ఇళ్లకంటే పైన ఉండాలి, ఏడాది పొడవునా పారాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా ఇది మీకు పనికిరాదు. బావో, సోలార్ మోటారో చూసుకోండి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

పని చూసుకోవడానికి: కొలత తెలిసిన బకెట్టు (15 లీటర్లదైతే మేలు), సెకన్లు చూపే ఫోను, మేస్త్రీలు లెవెల్ చూసే సన్నని పారదర్శక గొట్టం 15 మీటర్లు, మీటరు గీతలు పెట్టిన రెండు వెదురు కర్రలు, కొలత తాడు, ఒక నోటు పుస్తకం.

పని చేయడానికి: గునపాలు, పారలు, తట్టలు, సిమెంటు, కడిగిన ఇసుక, గులకరాళ్లు, నల్లని హెచ్‌డీపీఈ (వంగే గట్టి ప్లాస్టిక్) పైపు చుట్టలు, వాటిని అతికే కప్లింగులు, వాల్వులు, సన్న జాలీ. గులకరాళ్లు గెడ్డలోనే (కొండవాగులోనే) దొరుకుతాయి. సిమెంటు మాత్రం వానలకు ముందే పైకి చేర్చుకోవాలి. జీపు ఆగిపోయిన చోటు నుంచి బస్తాలు తలమీదో కావిడిమీదో ఎక్కాలి కదా!

మనుషులు: ఇంటికొకరు చొప్పున మూడు నాలుగు వారాలు. ఒక మంచి మేస్త్రీ. పుస్తకం రాసే మనిషి ఒకరు, వీలైతే మహిళా సంఘంలో లెక్కలు రాసే ఆమె. ఆమెకు ఆ పని అలవాటే.

1. మే నెలలో కొలవండి

ఈ మెట్టు తప్పితే మిగతావి ఎంత బాగా చేసినా ఒక్కటే. నా మొదటి పనిలో నేను చేసిన తప్పు ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. హుకుంపేట మండలంలో ఒక గూడెం. మేం కొలిచింది నవంబరులో. బకెట్టు 20 సెకన్లలో నిండి పొర్లింది, అందరం చప్పట్లు కొట్టాం. పక్కన అడ్డాకులు కట్టకడుతున్న ఒక ముసలావిడ తల ఎత్తకుండానే, "అవి సంక్రాంతి నీళ్లు బాబూ" అంది. ఏదో పండుగ ముచ్చట అనుకున్నాను. నోటు పుస్తకం నా చేతిలోనే ఉంది, రాసుకోలేదు. మే వచ్చేసరికి ధార చిటికెన వేలంత అయింది. ట్యాంకు అడుగున జానెడు నీళ్లు, కుళాయి తిప్పితే గాలి. సంక్రాంతి దాటితే సన్నబడిపోయే ఊట అని ఆవిడ చెప్పిందన్నమాట.

కాబట్టి ఏప్రిల్ చివరి నుంచి తొలకరి పడేదాకా వారానికొకసారి కొలవండి. ఊట నీరంతా ఒక దోనెలోకో వెదురు గొట్టంలోకో మళ్లించి, బకెట్టు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూసి సగటు రాయండి. పక్కల నుంచి కారిపోతున్న నీటికి బంకమట్టితో అడ్డు వేయండి, లేకపోతే లెక్క తగ్గి కనిపిస్తుంది. అంతకు ముందురోజు వాన పడి ఉంటే ఆ కొలత వదిలేయండి.

లెక్క ఇలా ఉంటుంది. 15 లీటర్ల బకెట్టు 50 సెకన్లలో నిండితే నిమిషానికి 18 లీటర్లు, రోజుకు దాదాపు 25,900 లీటర్లు. ఇంటింటికీ కుళాయి కోసం కేంద్రం పెట్టిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అంటుంది. 40 ఇళ్లలో 180 మంది ఉంటే 9,900 లీటర్లు కావాలి. అంటే ఆ ఊట చాలు, కిందికి వదలడానికీ మిగులుతుంది. అదే బకెట్టుకు రెండున్నర నిమిషాలు పడితే రోజుకు 8,640 లీటర్లే. అప్పుడు ఇంటింటి కుళాయి ఆశ వదులుకుని, నాలుగిళ్లకొక కుళాయితో తాగడానికీ వంటకూ సరిపెట్టుకోవాలి. లేదా రెండో ఊట వెతకాలి.

ఈ ఏడాది మే దాటిపోయిందా? వచ్చే మే దాకా ఆగండి. ఆగలేమంటే ఊళ్లోని ముగ్గురు పెద్దవాళ్లను, అందులో ఇద్దరు నీళ్లు మోసే ఆడవాళ్లను, విడివిడిగా అడగండి: "కరువు ఏడు ఈ ఊట ఎండిందా? బిందె నిండడానికి ఎంతసేపు పట్టేది?" ముగ్గురూ ఒకేమాట చెబితే నమ్మవచ్చు.

2. ఆ నీళ్లు ఇప్పుడు ఎటు పోతున్నాయో చూడండి

ఊట దగ్గర వృథాగా పోతున్నట్టు కనిపించే నీరు కింద ఎవరి వరిమడికో, ఏ పశువుల తొట్టికో చేరుతూనే ఉంటుంది. ధార వెంట గెడ్డ దాకా నడిచి చూడండి. వాడుకునేవాళ్లందరి పేర్లూ రాయండి. దిగువ ఊరివాళ్లను అడగకుండా నీరు మళ్లిస్తే రాత్రికి రాత్రి పైపు కోసేస్తారు. వాళ్లను తప్పు పట్టడానికీ ఉండదు. మూడో వంతు నీరు ఎప్పుడూ కిందికి వదులుతామని మాట ఇచ్చి, ఆ మాటను కట్టడంలోనే చూపించండి. పొంగిపోయే నీటి గొట్టం పాత ధారలోకే పోవాలి.

ఊట దగ్గర అమ్మవారి రాయి ఉంటే దాన్ని కదపవద్దు. పూజ చేసే పెద్దను మొదటి రోజే తీసుకెళ్లండి. ఎన్నో తరాలుగా ఆ ఊటను చెప్పులతో తొక్కకుండా కాపాడింది ఆ నమ్మకమే. మీరు తర్వాత కట్టబోయే కంచెకంటే అది గట్టిది.

3. ఊరు కూర్చోవాలి

సంత రోజున పెట్టకండి, కొండల్లో గిరిజనులు చేసుకునే ఇటుకల పండుగ రోజుల్లో అసలే పెట్టకండి. ఆ రోజుల్లో మగవాళ్లు వేటకు పోతారు, మిగిలినవాళ్లు దారులు కట్టి చందాలు అడిగే సందడిలో ఉంటారు. కొండ నుంచి కట్టెలు దిగివచ్చే సాయంత్రం వేళ, దీపాలు పెట్టాక కూర్చోండి.

తేల్చుకోవలసినవి అయిదు: కుళాయిలు ఎక్కడెక్కడ, ఇంటికెన్ని రోజుల పని, ఇంటికెంత డబ్బు, చూసుకునే మనిషి ఎవరు, డబ్బు కట్టనివాళ్ల సంగతేమిటి. చివరిదాన్ని అందరూ మొహమాటంతో దాటేస్తారు. ఆరు నెలల తర్వాత గొడవ వచ్చేది అక్కడే. ఒంటరి ముసలివాళ్లకూ వికలాంగులకూ మినహాయింపు ఆ రోజే రాసేయండి.

కుళాయి చోట్లు ఆడవాళ్లే నిర్ణయించాలి. మగవాళ్లకు వదిలేస్తే మొదటి కుళాయి రచ్చబండ పక్కన వెలుస్తుంది. మాటలు పొడుగవుతుంటే ముగ్గుపిండి ఇచ్చి నేలమీదే ఊరి పటం గీయించండి. ఇళ్లకు గింజలు, కుళాయిలకు రాళ్లు. ఎవరు ఎక్కువ దూరం నడవాలో అందరికీ కనిపిస్తుంది.

పంచాయతీ తాగునీటి కమిటీ ఉందేమో కనుక్కోండి. జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల ప్రకారం అందులో 10 నుంచి 15 మంది, సగం మంది మహిళలు ఉండాలి. కొండ, అటవీ ప్రాంతాల్లోనూ, ఎస్సీ ఎస్టీలు సగానికి మించి ఉన్న ఊళ్లలోనూ ఊరి లోపలి పనుల ఖర్చులో ప్రజల వాటా 5 శాతం. దాన్ని శ్రమగానో సామగ్రిగానో కూడా ఇవ్వవచ్చు. అందుకే ఎవరు ఏ రోజు పని చేశారో పుస్తకంలో వేలిముద్రతో సహా ఉండాలి.

4. కాగితాలు

ఊట అటవీ భూమిలో ఉంటే, మన వైపు తరచూ అక్కడే ఉంటుంది, కాగితం లేకుండా గునపం దించకండి. 2006 అటవీ హక్కుల చట్టంలోని 3(2) సెక్షను తాగునీటి పైపులైన్లకు హెక్టారులోపు అటవీ భూమి ఇవ్వడానికి వీలు కల్పిస్తుంది. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు తప్పనిసరి. ఇది ప్రభుత్వం నిర్వహించే సౌకర్యాలకు వర్తిస్తుంది కాబట్టి దరఖాస్తు ఊరి పేరున కాకుండా పంచాయతీ ద్వారానో గ్రామీణ నీటి సరఫరా శాఖ ద్వారానో అటవీ రేంజి కార్యాలయానికి వెళ్లాలి. గ్రామసభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. సంతకాల కాగితం ఫొటో తీసి దాచుకోండి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పాడేరు, అరకు వైపు మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, దేవరాపల్లి, రావికమతం వంటివి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. పాత అలవాటుకొద్దీ కాగితం పట్టుకుని విశాఖపట్నం కలెక్టరేటుకు వచ్చి ఛార్జీలు తగలేసుకోకండి. ఇంకో తేడా: షెడ్యూల్డ్ ప్రాంతంలోని (గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతంలోని) గూడేల్లో 1996 నాటి పెసా చట్టం, అంటే ఆ ప్రాంతాల పంచాయతీల చట్టం, గ్రామసభకు అదనపు బలం ఇస్తుంది. మైదానం అంచున షెడ్యూలు బయట మిగిలిపోయిన గిరిజన గూడేలకు అది లేదు. అటవీ హక్కుల చట్టం మాత్రం రెండు చోట్లా ఉంది.

5. ఎత్తు కొలవండి

ఫోను చూపే ఎత్తును నమ్మవద్దు. అది పదుల మీటర్లు తప్పు చూపగలదు. పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి, బుడగలు పోయేదాకా తట్టి, రెండు చివరలూ రెండు కర్రలకు ఆనించి పట్టుకోండి. రెండు వైపులా నీటి మట్టం ఒకటే ఉంటుంది, నేల ఎంత దిగిందో కర్రల మీది గీతల తేడా చెబుతుంది. ఊట నుంచి ట్యాంకు చోటు దాకా పది పది మీటర్లుగా దిగుతూ ప్రతి తేడా రాయండి. మధ్యలో నేల పైకి లేచిన చోటును కూడికలో కలపకుండా తీసివేయాలి. రెండోసారి కింది నుంచి పైకి కొలిచి చూడండి. రెండు మొత్తాలకూ మీటరుకు మించి తేడా ఉంటే మళ్లీ కొలవాల్సిందే.

6. ఇప్పుడు పైపు

"సన్న పైపు అయితే ఒత్తిడి ఎక్కువ వస్తుంది" అని ప్రతి ఊళ్లోనూ ఒకరు అంటారు. తోట గొట్టం చివర వేలు అడ్డుపెట్టిన అనుభవంతో వచ్చిన మాట అది. కిలోమీటరు పొడవు పైపులో జరిగేది దానికి తలకిందులు. లోపలి గోడ రాపిడే ఎత్తును తినేస్తుంది. నిమిషానికి 18 లీటర్లు కిలోమీటరు దూరం రావాలంటే 25 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ పైపు సుమారు 50 మీటర్ల ఎత్తును మింగుతుంది. 32 మిల్లీమీటర్లది 12, 13 మీటర్లతో సరిపెట్టుకుంటుంది. 40 మిల్లీమీటర్లదానికి 4 మీటర్లు చాలు. మీ ఊట ట్యాంకుకంటే 30 మీటర్లే పైన ఉంటే 25 పైపు కొనడం డబ్బు కాలువలో పోసినట్టే. 32 సరిపోతుంది. రేపు ఇళ్లు పెరుగుతాయనుకుంటే 40 తీసుకోండి.

ఎత్తు మరీ ఎక్కువైనా చిక్కే. పది మీటర్ల నీటి ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి. పైపు మీద పీఎన్ 6 అని ఉంటే అది 6 కిలోలు, అంటే 60 మీటర్ల ఎత్తు దాకా తట్టుకుంటుంది. అంతకంటే దిగుతుంటే 50 మీటర్లకొకసారి చిన్న సిమెంటు తొట్టి కట్టి, నీరు అందులో పడి మళ్లీ కొత్తగా బయలుదేరేలా చేయండి. కొట్టువాడు మందం పైపు అమ్మజూస్తాడు. తొట్టి చవక.

7. ఊట కట్టడం

ఇక్కడ ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది. నీరు రాయి సందులోంచి వచ్చే కన్ను కనిపించేదాకా ఆకులూ బురదా చేత్తో తీయండి. గునపంతో పొడవవద్దు, మందుగుండు మాటే ఎత్తవద్దు. కన్ను ముందు పెద్ద రాళ్లు, వాటి ముందు గులకరాళ్లు పేర్చి, ఆపైన మూడు వైపులా చిన్న గోడ కట్టండి. కన్ను మీద సిమెంటు పూయకూడదు.

అందరూ చేసే పెద్ద పొరపాటు: ఎక్కువ నీరు నిలవాలని గోడ ఎత్తు పెంచి, పైపును కన్ను కంటే పైన అమర్చడం. నిలిచిన నీరు వెనక్కి నెడుతుంది. ఊట ఇంకో సులువైన దారి వెతుక్కుని పది అడుగుల అవతల బయటపడుతుంది. ఒక్కోసారి మళ్లీ కనిపించదు కూడా. పైపూ, పొంగునీటి గొట్టమూ రెండూ కన్ను కంటే కిందే ఉండాలి.

దాని పక్కనే మూత ఉన్న చిన్న తొట్టి, బురద అడుగున దిగడానికి. పైపు మూతికి జాలీ. ఎగువన అర్ధచంద్రాకారంలో ఒక కాలువ తవ్వితే వాననీరు పక్కకు పోతుంది. చుట్టూ ముళ్లకంచె. ఎగువ వాలులో మలవిసర్జన, పశువుల మంద, పురుగుమందు చల్లే తోట ఉండకూడదు. పైన ఎవరిదైనా పోడు ఉంటే ఆ ఇంటివాళ్లకే మొదటి కుళాయి దగ్గర చోటివ్వండి. నేను చూసినంతలో కంచెకంటే ఇదే బాగా పనిచేసింది.

8. పైపు పరచడం

రెండున్నర, మూడు అడుగుల లోతు కందకం. ఈ లోతు కోసం తవ్వేవాళ్లతో రోజూ గొడవ పడతారు, పడండి. పైన పరిచిన పైపు పోడు మంటలకు కరుగుతుంది, పశువుల గిట్టలకు నలుగుతుంది. రాయి తగిలి లోతు రాని చోట ఇనుప పైపు ముక్క తొడగండి. కందకం అడుగున మెత్తని మట్టి వేసి పైపు పెట్టి, మొదటి జానెడు మట్టిలో రాళ్లు లేకుండా ఏరి కప్పండి.

కరెంటు లేని చోట వేడి చేసి అతికే పని కష్టం, బిగింపు కప్లింగులు వాడండి. చివర ఒరిగి తెగకుండా రంపంతో నిటారుగా కోసి, అంచు చాకుతో గీకి, తడిపి లోపలికి చివరిదాకా నెట్టాలి. సగం లోపలికి వెళ్లి ఆగిందంటే ఆ అతుకు వానాకాలంలో ఊడుతుంది.

పైపు దారిలో మిట్ట వస్తే అక్కడ గాలి ఇరుక్కుని నీరు ఆగిపోతుంది. మిట్ట మీద గాలి వాల్వు, పల్లంలో బురద కడిగే వాల్వు పెట్టండి. దారి మార్చి మిట్టను తప్పించుకోగలిగితే అంతకంటే మేలు లేదు.

పైపు నిండా నీరు నింపి అన్ని అతుకులూ ఒక రాత్రి చూసేదాకా కందకం మూయకండి.

9. ట్యాంకు, కుళాయిలు

ఉదయం రెండు గంటల్లోనే ఊరు రోజు నీటిలో సగం తోడేస్తుంది. 180 మంది లెక్కలో అది 5,000 లీటర్లు. ఈలోగా పైపు నుంచి కొంత వచ్చి చేరుతుంది కాబట్టి 5,000 లీటర్ల ట్యాంకు నిశ్చింతగా సరిపోతుంది. మూత, నిచ్చెన, అడుగున కడిగే గొట్టం, పైన పొంగునీటి గొట్టం మరవకండి. సిమెంటు ట్యాంకును రెండు వారాలు తడిపి ఉంచాలి. తొందరపడి మూడో రోజే నీళ్లు నింపితే గోడ నెర్రెలిస్తుంది.

కుళాయి దిమ్మె చుట్టూ గచ్చు, పోయే నీటికి కాలువ, దాని చివర అరటి మొక్కలు. ఇంతే.

10. పని కుదిరిందా అని ఎలా తెలుస్తుంది?

ఊట దగ్గర బకెట్టు, ట్యాంకు దగ్గర బకెట్టు పెట్టి ఒకే రోజు కొలవండి. కిందికి వదిలే వాటా తీసేశాక రెండూ దాదాపు ఒకటే ఉండాలి. ట్యాంకు దగ్గర తక్కువైతే పైపు కారుతోంది, లేదా గాలి ఇరుక్కుంది. నీరు గుక్కగుక్కగా ఆగి ఆగి వస్తుంటే గాలి అని గుర్తు.

రాత్రి అన్ని కుళాయిలూ, ట్యాంకులోకి వచ్చే వాల్వూ మూసి గోడమీద బొగ్గుతో నీటి మట్టం గీత పెట్టండి. తెల్లారి అది గీత కిందికి దిగితే ట్యాంకుగానీ ఊళ్లోకి పోయే పైపుగానీ కారుతోంది.

ఊట నీరు తేటగా ఉంటే శుభ్రమని అనుకోకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా అని దొరుకుతుంది. నీరు పోసి మూతపెట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే మలినం ఉన్న నీరు నల్లబడుతుంది. నల్లబడితే ముందు ఊట చుట్టూ కారణం వెతకండి, ట్యాంకు కడగండి, ఆపైన 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు ఒక బకెట్టులో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట మాత్రమే పోసి, కనీసం గంట ఆగి వాడండి. మొదటి తొలకరి తర్వాత పరీక్ష తప్పనిసరి. ఏడాదంతా కొండమీద పేరుకున్నదంతా ఆ వానకే కదులుతుంది.

11. మనిషి, డబ్బు, పుస్తకం

40 ఇళ్లు నెలకు 30 రూపాయలు వేసుకుంటే 1,200. అందులో కొంత చూసుకునే మనిషికి, మిగతాది బ్యాంకులో. ఆ మనిషి దగ్గర ఎప్పుడూ ఉండాల్సినవి: రెండు కుళాయి తలలు, నాలుగు కప్లింగులు, మూడు మీటర్ల పైపు, రంపం, వాషర్లు. పది రూపాయల వాషరు కోసం పాడేరు వెళ్లి రావాలంటే ఆ కుళాయి నెలరోజులు కారుతూనే ఉంటుంది. ఆలోపు ఎవరో దాన్ని గుడ్డపీలికతో కట్టేస్తారు.

లెక్క నెలకొకసారి కుళాయి దగ్గరే గట్టిగా చదవాలి. చదువు రానివాళ్లకూ వినపడుతుంది.

12. ఊట పైన కొండ

నీరు ఊటలో పుట్టదు, పై వాలులో ఇంకి వస్తుంది. వేసవిలోనే వాలుకు అడ్డంగా, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతుతో, ఒక దాని కింద ఒకటి ఎడం ఎడంగా కందకాలు తవ్వుకోండి. కొండచరియ జారే చోట మాత్రం తవ్వవద్దు. పనస, చింత, నేరేడు లాంటి స్థానిక మొక్కలు పెట్టండి, నీలగిరి వద్దు. ఫలితం ఒక్క వానతో కనిపించదు. రెండో ఏడు మే నెలలో అదే బకెట్టు, అదే దోనె తీసుకుని అదే చోట కొలిచి, మొదటి ఏడు రాసిన అంకె పక్కనే రాయండి. బకెట్టు మాత్రం మార్చకండి. ఒక ఊళ్లో ఊట పెరిగిందని సంబరపడ్డాక తెలిసింది, పాతది పగిలితే 12 లీటర్లది తెచ్చారట.